కొండ నుండి కడలికి: అమ్మీ వేసిన లెక్క

“బేటా, సముద్రం మన గోదావరికి ఎన్ని రెట్లుంటుంది?”

ధర్మపురిలోని మా ఇంటి వాకిట కూర్చుని అమ్మీ ఈ ప్రశ్న అడిగినప్పుడు నా వద్ద సమాధానం లేదు. ఆమెకు ఇప్పుడు డెబ్బై రెండేళ్లు. నిర్మల్ కొండల పాదాన పుట్టి, పెళ్లితో ధర్మపురికి వచ్చింది. యాభై ఏళ్లుగా ఆమె కళ్ల ముందు గోదావరి ప్రవహిస్తూనే ఉన్నది. ఆ నీరు వెళ్లి కలిసే సముద్రాన్ని మాత్రం ఆమె ఒక్కసారి కూడా చూడలేదు. ఆ రోజే ఇంట్లో నిర్ణయం జరిగిపోయింది. అమ్మీ పుట్టిన నిర్మల్ నుండి బయలుదేరి, ఆమెకు బందరు సముద్రం చూపించి తీసుకురావాలి.

డిగ్రీ చదువుతున్న మా అబ్బాయి వెంటనే ఫోనులో పటం తెరిచాడు. “అబ్బా, ధర్మపురి నుండి మచిలీపట్నం దాదాపు 470 కిలోమీటర్లు. తొమ్మిది గంటల ప్రయాణం. ఇషా చదివి బయలుదేరితే ఫజ్ర్ వేళకు అక్కడ ఉంటాము. ఒక రాత్రి గది అద్దె కూడా మిగులుతుంది” అన్నాడు. అందరికీ ఈ ఆలోచన నచ్చింది. అమ్మీ మాత్రం తస్బీహ్ పక్కన పెట్టి, “అయితే నన్ను వదిలేసి మీరు వెళ్లి రండి” అన్నది.

కారణం అడిగితే చాలాసేపటికి చెప్పింది. కొన్నేళ్ల క్రితం ఒక పెళ్లి నుండి రాత్రివేళ తిరిగి వస్తూ స్టీరింగు ముందు నేను క్షణకాలం కునుకు తీశాను. కారు రోడ్డు దిగి మట్టి అంచున ఆగింది. అల్లాహ్ దయ వల్ల ఎవరికీ ఏమీ కాలేదు. నేను ఆ సంగతి మరచిపోయాను. ఆమె మరువలేదు. “అప్పటి నుండి నీతో రాత్రి ప్రయాణం చేసిన ప్రతిసారీ అద్దంలో నీ కళ్లనే చూస్తూ కూర్చుంటున్నాను. నిద్రపోను” అన్నది. ఇంకో మాట కూడా చెప్పింది. దారిలో మూత్రానికి ఎక్కడ ఆపమనాలో తెలియక, ప్రయాణమంటే ముందురోజు నుండే నీళ్లు తాగడం తగ్గించేస్తుందట. ఆమెకు షుగర్, బీపీ రెండూ ఉన్నాయి.

ఇన్నేళ్లూ మా విహారయాత్రలన్నీ ఆమె దాహం మీద, ఆమె నిద్ర మీద నడిచాయన్న సంగతి ఆ రాత్రి మాకు తెలిసింది. అందుకే పటం మూసివేసి మళ్లీ మొదటి నుండి లెక్క వేశాము. ఈసారి కిలోమీటర్లతో కాదు, బండిలో కూర్చునే మనుషులతో. వారిలో అందరికన్నా బలహీనులు ఎవరో గుర్తించి, వారి ఓపికను బట్టి ప్రయాణాన్ని కొలవడమే అమ్మీ లెక్క. ఈ వేసవిలోనో, వచ్చే శీతకాలంలోనో మీరు ఇటువంటి ప్రయాణం తలపెడితే మీకూ పనికివస్తుందని ఇక్కడ రాస్తున్నాను.

నడిపేవాని నిద్ర

2022లో మన దేశంలో రోడ్డు ప్రమాదాల్లో 1,68,491 మంది మరణించారని కేంద్ర రవాణా శాఖ నివేదిక చెబుతున్నది. జీతానికి బండి నడిపే డ్రైవరుకు 1961 నాటి మోటారు రవాణా కార్మికుల చట్టం ఒక హద్దు పెట్టింది. రోజుకు ఎనిమిది గంటలకు మించి పని చేయించరాదని ఆ చట్టంలో ఉండేది. ఏకబిగిన అయిదు గంటలు దాటకుండా కనీసం అరగంట విశ్రాంతి ఇవ్వాలని కూడా ఉండేది. సొంత కారు నడిపే ఇంటి యజమానికి మాత్రం ఏ హద్దూ లేదు. రోజంతా దుకాణంలోనో, ఆఫీసులోనో పనిచేసి, రాత్రికి అదే మనిషి స్టీరింగు పట్టుకుంటాడు. బండిలో ఉన్న ప్రాణాలు అతని చేతిలో అమానతు. అందుకే మేము మూడు నియమాలు పెట్టుకున్నాము. సూర్యోదయానికి ముందు బయలుదేరరాదు. మగ్రిబ్ తర్వాత బండి కదలరాదు. ప్రతి రెండు గంటలకు ఒకసారి అందరూ దిగి నడవాలి.

మూడు మజిలీలు

మొదటి మజిలీ నిర్మల్ నుండి ధర్మపురి, సుమారు వంద కిలోమీటర్లు. ముందురోజే ఆపా ఇంటికి చేరి, మహబూబ్ ఘాట్ మలుపుల మీద నుండి అమ్మీకి ఆమె చిన్ననాటి కొండలు చూపించాము. మరునాడు ధర్మపురికి తిరిగివచ్చి ఆ రాత్రి ఇంట్లోనే పడుకున్నాము. రెండవ మజిలీ జగిత్యాల, కరీంనగర్, వరంగల్ మీదుగా ఖమ్మం, సుమారు 270 కిలోమీటర్లు. మూడవది ఖమ్మం నుండి తిరువూరు, మైలవరం, కొండపల్లి, విజయవాడ మీదుగా మచిలీపట్నం, సుమారు 200 కిలోమీటర్లు.

గది అద్దె ఒకటి ఎక్కువైన మాట నిజమే. కాని పగటి ప్రయాణంలో పిల్లలకు దారి కూడా పాఠమైంది. నిర్మల్ బొమ్మలు పొనికి చెక్కతో చేస్తారని వారికి తెలుసు. కొండపల్లిలో ఆగినప్పుడు అక్కడి బొమ్మలు కూడా పొనికి చెక్కవే అని విని ఆశ్చర్యపోయారు. బయలుదేరిన చోట, చేరబోయే చోటికి దగ్గరలో ఒకే రకం చెక్క, రెండు వేరువేరు పనితనాలు. రాత్రి ప్రయాణంలో ఇది చీకట్లో దాటిపోయేది.

ఆగే చోట్లు, నమాజు వేళలు

ముందుగా మజిలీల జాబితా రాసి, ఆ తర్వాత ప్రతి మజిలీలోనూ ఆగే చోట్లు గుర్తించాము. శుభ్రమైన మరుగుదొడ్డి, వుజూకు నీళ్లు, స్త్రీలు నమాజు చేసుకునేందుకు చోటు, ఈ మూడూ ఉన్నవాటినే ఎంచుకున్నాము. అన్ని మస్జిదులలో స్త్రీలకు ఏర్పాటు ఉండదు. కనుక వరంగల్, ఖమ్మం, విజయవాడలలోని బంధుమిత్రులకు ముందే ఫోను చేసి కనుక్కున్నాము. ఒక లోటా, జానిమాజు, దుప్పటి ఎప్పుడూ చేతికందేలా ఉంచాము. మన ప్రాంతం నుండి ఖిబ్లా పడమరకు కాస్త ఉత్తరంగా ఉంటుందన్నది గుర్తుంటే ఫోను పనిచేయకపోయినా ఇబ్బంది లేదు.

ఇంత దూరం వెళ్లేవారు ఊరి పొలిమేర దాటినప్పటి నుండి ముసాఫిర్లు. హనఫీ ఫిఖహ్ ప్రకారం సుమారు 78 కిలోమీటర్లు, అంతకు మించిన ప్రయాణంలో, ఒకచోట పదిహేను రోజులకు తక్కువ ఉండాలనుకున్నప్పుడు జుహ్ర్, అస్ర్, ఇషా ఫర్జ్‌లు రెండేసి రకాతులు. ఫజ్ర్, మగ్రిబ్‌లలో మార్పు లేదు. స్థానిక ఇమాము వెనుక జమాఅతులో నిలబడితే పూర్తిగానే చేయాలి. రెండు నమాజులు కలిపి చేయడంపై మస్లక్‌ల మధ్య భేదం ఉన్నది. కనుక బయలుదేరే ముందే మీ ఊరి ఆలిమ్‌ను అడిగి తెలుసుకోండి. ప్రయాణికునికి ఇచ్చిన ఈ సులభతరాన్ని తెలుసుకుంటే, నమాజు తప్పిపోతుందన్న తొందరలో బండి వేగం పెంచవలసిన అవసరం రాదు.

ఈ ఏర్పాటుతో అమ్మీ దారి పొడవునా నిశ్చింతగా నీళ్లు తాగింది.

బండి, సంచి, సమయం

వారం ముందే టైర్లు, స్టెప్నీ, బ్రేకులు, వైపర్లు, రేడియేటరు నీళ్లు చూపించాము. బండి కాగితాలు, బీమా, కాలుష్య ధ్రువపత్రం, లైసెన్సు ఒకే సంచిలో పెట్టాము. అమ్మీ మందులు డిక్కీలో కాకుండా ఆమె చేతి సంచిలోనే ఉంచాము. మందుల చీటీ ఒక ప్రతి నా జేబులో ఉన్నది. ముందు సీటు వారే కాదు, వెనుక కూర్చున్నవారూ బెల్టు పెట్టుకోవాలి. పద్నాలుగేళ్లలోపు పిల్లలను బెల్టు లేకుండా కూర్చోబెడితే 2019 చట్ట సవరణ ప్రకారం వెయ్యి రూపాయల జరిమానా. జరిమానా మాట అటుంచితే, ఒళ్లో కూర్చోబెట్టుకున్న బిడ్డను హఠాత్తుగా బ్రేకు పడినప్పుడు ఏ తల్లి చేతులూ ఆపలేవు. ఆపదలో 112, అంబులెన్సుకు 108, జాతీయ రహదారిపై 1033 నంబర్లను పిల్లల చేత కంఠస్థం చేయించాము.

సమయం కూడా ఆలోచించి ఎంచుకున్నాము. అక్టోబరు నుండి డిసెంబరు వరకు కోస్తాకు తుపానుల భయం. 1864 నవంబరు 1న వచ్చిన తుపానులో మచిలీపట్నం ప్రాంతంలో సుమారు 30 వేల మంది మరణించారు. 1977 నవంబరు 19న దివిసీమ అనుభవించిన విషాదం పెద్దలకు ఇంకా గుర్తే. సంక్రాంతికి విజయవాడ దారులు కిక్కిరిసి ఉంటాయి. అందుకే పండుగ రద్దీ తగ్గాక, జనవరి చివరి వారం పెట్టుకున్నాము. ఉదయం పొగమంచు ఉంటే అది తొలగేదాకా ఆగాము.

బందరు ఎందుకు?

సముద్రం ఇంకా చాలా చోట్ల ఉన్నది. మచిలీపట్నాన్నే ఎంచుకోవడానికి ఒక కారణమున్నది. దాని వాడుక పేరు బందరు. ఫారసీలో బందర్ అంటే రేవు. గోల్కొండ కుతుబ్ షాహీల కాలంలో మన తెలంగాణకు సముద్రద్వారం అదే. 17వ శతాబ్దంలో ఇక్కడి నుండి ఎర్ర సముద్రపు రేవులకు ఓడలు వెళ్లేవి. వాటిలో సరుకులతోపాటు హజ్ యాత్రికులూ ఉండేవారు. ఖిబ్లా పడమరన ఉంటే వారు తూర్పు తీరాన ఓడ ఎక్కి, సింహళాన్ని చుట్టి, అప్పుడు పడమర దారి పట్టేవారు. గాలి అనుకూలించే వేళ కోసం వేచి ఉండడం వారి ప్రయాణంలో ఒక భాగం. పక్కనే ఉన్న పెడనలో కలంకారీ అద్దకపు బల్లల వద్ద ఈ సంగతులు చెబుతుంటే, తొమ్మిది గంటల లెక్క వేసిన మా అబ్బాయి మౌనంగా విన్నాడు.

మంగినపూడి తీరానికి అస్ర్ వేళకు చేరాము. మామూలు ఇసుకకు బదులు నల్లమట్టి కనిపించే తీరమది. అమ్మీ కోసం తెచ్చిన మడత కుర్చీని నీటి అంచుకు దగ్గరగా వేశాము. అల వచ్చి పాదాలు తడిపినప్పుడు “సుబ్‌హానల్లాహ్” అన్నది. చాలాసేపు ఇంకేమీ మాట్లాడలేదు. గోదావరికి ఎన్ని రెట్లు అని మనవరాలు అడిగితే నవ్వి ఊరుకున్నది.

తర్వాత నా వైపు తిరిగి, “బేటా, తిరిగి వెళ్లేటప్పుడు ఎక్కడెక్కడ ఆగుతాము?” అని అడిగింది.

ఆమె ప్రశ్నలో న్యాయమున్నది. వెళ్లేటప్పుడు జాగ్రత్తగా ఉండేవారు కూడా, సెలవు అయిపోతున్నదని, రేపు పనికి వెళ్లాలని, తిరుగుదారిలోనే తొందరపడతారు. ఆనాడు నాకు కునుకు పట్టింది కూడా తిరుగుదారిలోనే. జేబులో నుండి కాగితం తీసి చూపించాను. అవే రెండు పగళ్లు, ఖమ్మంలో అదే రాత్రి బస, ఇంటికి చేరాక ఒక రోజు విశ్రాంతి. ఆమె ఆ కాగితాన్ని మొత్తం చదివించుకుని విన్నది.

ఆ రాత్రి బందరులో, ఖమ్మం చేరాక మరునాటి రాత్రి కూడా, అమ్మీ హాయిగా నిద్రపోయింది. ఖమ్మం నుండి ధర్మపురికి వస్తుండగా కరీంనగర్ దాటాక కూర్చున్నచోటే కళ్లు మూసుకున్నది. అద్దంలో ఆమెను చూసింది ఈసారి నేను.