అప్పు తెచ్చి దాచుకొనే విద్యార్థులు

అరువు సొమ్ము బరువు చేటని మన పెద్దలంటారు. అయినా బ్రిటన్ విశ్వవిద్యాలయాలలో కొందరు విద్యార్థులు ఒక బ్యాంకులో అప్పు తీసుకొని, దానిని ఖర్చు చేయక మరొక బ్యాంకులో దాచి, వచ్చే వడ్డీని జేబులో వేసుకొంటున్నారు. ఇందులో మోసమేమీ లేదు, చట్టవిరుద్ధమైనదీ లేదు. బ్యాంకులు తమంత తాము తెరిచి ఉంచిన ద్వారంలోనుంచే వారు నడుస్తున్నారు.

ఆ ద్వారం పేరు ఓవర్‌డ్రాఫ్టు. 1728లో ఎడిన్‌బరో వర్తకుడు విలియం హాగ్‌కు, అంతకు ముందు ఏడే స్థాపితమైన రాయల్ బ్యాంక్ ఆఫ్ స్కాట్లండ్ ఒక వెసులుబాటు కల్పించింది. ఖాతాలో ఉన్నదానికి మించి 1,000 పౌండ్ల వరకు అతడు వాడుకొనవచ్చును. సరుకు కొన్న రోజుకూ, అమ్మిన సరుకు డబ్బు చేతికందే రోజుకూ నడుమ ఉండే ఎడమే అతని ఇబ్బంది. ఓవర్‌డ్రాఫ్టుకు ఇదే తొలి ఉదాహరణ అని చెబుతారు.

విద్యార్థి ఇబ్బంది కూడా అటువంటిదే. ఇంగ్లండులో చదువుకొనేవారికి జీవన వ్యయం నిమిత్తం ప్రభుత్వం ఇచ్చే అప్పు ఏడాదికి మూడు విడతలుగా వస్తుంది. అద్దెలూ, తిండి ఖర్చులూ ఆ విడతల కోసం ఆగవు. అందుచేత పెద్ద బ్యాంకులు విద్యార్థులకు ప్రత్యేక ఖాతాలు తెరిచి, వడ్డీ లేని ఓవర్‌డ్రాఫ్టు ఇస్తాయి. సాధారణంగా మొదటి సంవత్సరం వెయ్యి, వెయ్యిన్నర పౌండ్లు. మూడవ సంవత్సరానికి కొన్ని బ్యాంకులలో 3,000 వరకు. ఇది దానగుణం కాదు. పద్దెనిమిదేళ్ల వయసులో ఖాతా తెరిచినవాడు జీతగాడై, ఇల్లు కొనుక్కొనే నాటికి కూడా ఆ బ్యాంకునే అంటిపెట్టుకొని ఉంటాడని వాటి ఆశ. మనుషులు బ్యాంకును మార్చడానికి బద్ధకిస్తారన్నది బ్యాంకర్లకు బాగా తెలిసిన సత్యం.

ఇక కిటుకు. వడ్డీ లేకుండా దొరికిన 2,000 పౌండ్లను విద్యార్థి వడ్డీ వచ్చే పొదుపు ఖాతాకు మారుస్తాడు. సాలుకు 5 శాతం వస్తే 100 పౌండ్లు. మన డబ్బులో పది వేల రూపాయలకు పైమాటే. చాలామంది విద్యార్థుల ఆదాయం పన్ను పరిమితికి లోబడే ఉంటుంది కనుక దానిపై పన్ను కూడా పడదు. చదువు ముగిసేటప్పుడు అసలు తిరిగి కట్టి, వడ్డీ తాను ఉంచుకొంటాడు. ఇలా వడ్డీ లేని అప్పుతో వడ్డీ గడించడానికి అక్కడ ‘స్టూజింగ్’ అని ముద్దుపేరు.

ఐతే ఈ లాభం కాలాన్ని బట్టి పెరిగి తరుగుతుంది. బ్యాంక్ ఆఫ్ ఇంగ్లండ్ మూల వడ్డీ రేటు 2009 మార్చి నుంచి 2022 మే వరకు 1 శాతాన్ని దాటలేదు. పొదుపు ఖాతాకు అర శాతం వచ్చే రోజుల్లో 2,000 పౌండ్లకు ఏడాదికి గిట్టేది 10 పౌండ్లు. ఒక పూట భోజనానికి సరి. 2023 ఆగస్టులో మూల రేటు 5.25 శాతానికి చేరినప్పుడు పాత కిటుకుకు మళ్లీ జీవం వచ్చింది.

ప్రభుత్వపు అప్పుతోనే ఈ పని చేసినవారు కూడా లేకపోలేదు. 1998 తరువాత చదువులో చేరినవారి అప్పుపై వడ్డీ ధరల పెరుగుదలకు ముడిపడి ఉండేది. 2009 మార్చిలో ధరల సూచి పెరగడానికి బదులు తగ్గింది. దాని ఫలితంగా 2009–10లో వారి అప్పుపై వడ్డీ సున్నా! 2012 నుంచి ఇంగ్లండులో కొత్తగా చేరినవారికి చదువుకొనే కాలంలోనే ధరల పెరుగుదలకు మరో 3 శాతం చేర్చి వడ్డీ వేయడంతో ఆ తలుపు మూసుకొన్నది.

అసలు ప్రమాదం చదువు ముగిసిన తరువాత పొంచి ఉంటుంది. పట్టభద్రుడైనవానికి వడ్డీ లేని పరిమితిని బ్యాంకు ఏటేటా తగ్గించి, చివరకు తీసివేస్తుంది. పిమ్మట అది మామూలు ఓవర్‌డ్రాఫ్టు. 2020 ఏప్రిల్‌లో రుసుముల పద్ధతి రద్దయి, వార్షిక వడ్డీ మాత్రమే వేయాలన్న నిబంధన వచ్చినప్పటినుంచి బ్రిటిష్ బ్యాంకులు చాలావరకు దీనిపై 40 శాతానికి దగ్గరగా వసూలు చేస్తున్నాయి. 2,000 పౌండ్లపై అది ఏడాదికి 800. మూడేళ్లూ 5 శాతం చొప్పున కూడబెట్టిన 300 పౌండ్ల వడ్డీ నాలుగున్నర నెలల్లో హరించుకుపోతుంది. దాచిన సొమ్మును ఏ వేసవి సెలవులలోనో విహారానికి ఖర్చుపెట్టినవానికి పట్టే గతి ఇది.

చిన్న చిక్కులు మరికొన్ని ఉన్నాయి. ఓవర్‌డ్రాఫ్టును బ్యాంకు ఎప్పుడైనా తిరిగి అడుగవచ్చును. అప్పూ పొదుపూ ఒకే బ్యాంకులో ఉంటే, బాకీకి ఆ పొదుపును సర్దుబాటు చేసుకొనే హక్కు కూడా బ్యాంకుకు ఉన్నది. పరిమితి అంచుదాకా వాడిన ఖాతా రుణచరిత్రలో కనబడుతుంది.

నన్ను ఎక్కువగా ఆలోచింపజేసేది వేరొకటి. ఈ వడ్డీ ఎవరికి దక్కుతుంది? తల్లిదండ్రులు నెలనెలా డబ్బు పంపే విద్యార్థికి. ఓవర్‌డ్రాఫ్టుతో అతనికి పని లేదు కాబట్టే దానిని దాచగలడు. అద్దెకు చాలక దానినే నమ్ముకొని బ్రతికే విద్యార్థి మొదటి పరీక్షలనాటికే అడుగు చూస్తాడు. ఎవరి అక్కర కోసం ఆ సౌకర్యం ఏర్పడిందో వారికి అది అప్పుగానూ, అక్కర లేనివారికి ఆదాయంగానూ పరిణమిస్తున్నది.

మన గుంటూరు నుంచో కరీంనగర్ నుంచో అక్కడికి వెళ్లే విద్యార్థికి సాధారణంగా ఈ రెండూ లేవు. ఆ ఖాతాలకు చాలా బ్యాంకులు కొన్నేళ్ల బ్రిటన్ నివాసాన్ని షరతుగా పెడతాయి. విదేశీ విద్యార్థుల ఖాతాలకు మామూలుగా ఓవర్‌డ్రాఫ్టు ఉండదు. అతని అప్పు ఇక్కడి బ్యాంకులో ఉన్నది. చదువు ముగిసి మరి ఆరు నెలలో, ఏడాదో గడిచేవరకు వాయిదాలు కట్టనక్కర లేకపోయినా, సొమ్ము విడుదలైన నాటినుంచి వడ్డీ పెరుగుతూనే ఉంటుంది. 10 లక్షల అప్పుకు 10 శాతం అనుకొంటే, ఏడాది చదువు పూర్తయ్యేసరికి లక్ష రూపాయలు చేరుతుంది. పైగా ఫీజు సొమ్ము నేరుగా కళాశాలకే వెళ్తుంది; దాచుకొనేందుకు విద్యార్థి చేతికి రాదు.

అతడు వేసుకోవలసిన లెక్క తలక్రిందులుగా ఉంటుంది. వడ్డీ పడేది విడుదలైన మొత్తంపైనే గనుక, రెండవ విడత ఫీజు సొమ్మును గడువుకు ముందే తీసుకోవడం నష్టం. చదువుకొనే కాలంలో వడ్డీని ఎప్పటికప్పుడు కట్టివేసేవారికి మన బ్యాంకులు కొన్ని ఒక శాతం రాయితీ ఇస్తాయి. దరఖాస్తుపై సంతకం చేసే ముందు ఇంట్లో తండ్రిగారు మేనేజరును అడగవలసిన మొదటి ప్రశ్న అదే.