కలకత్తా బంతియాట: నూఱేండ్ల స్పర్ధ



పల్నాటి వీరకథ నెఱుఁగని వృద్ధుఁడు మన యూళ్లలో నుండఁడు. కోడిపందెముతో రగిలిన పంతము కారెంపూడి కదనరంగము దాఁక పోయినదని మనము వినుచున్నాము. కోడి చిన్నది, పంతము పెద్దది. ఆ పందెము వెనుక దాఁగిన యభిమానములను జూడనిచో నా కథ యర్థము కాదు. నేఁడు నేను చెప్పఁబోవు కథలో కోడికి బదులు తోలుబంతి. పల్నాటికి బదులు వంగదేశము. కలకత్తా నగరమందలి మోహన్ బగాన్, ఈస్ట్ బెంగాల్ అను రెండు ఫుట్‌బాల్ సంఘములకు నడుమ నూఱేండ్లుగా సాగుచున్న స్పర్ధ యెట్లు పుట్టినది, ఎందుల కంత తీవ్రమైనది, దానివలన మనము నేర్వఁదగిన దేమి యనునదియే ప్రసంగవిషయము.

ఈ యాట నెఱుఁగనివారి కొక్క మాట. పక్షమునకు పదునొకండుగురు. బంతిని కాలితోను తలతోను కొట్టవచ్చును గాని చేతితో ముట్టరాదు. గోలు కాచువానికి మాత్రము తన హద్దులో ఆ స్వేచ్ఛ కలదు. తొంబది నిమిషములలో ఎదిరివారి గోలులోనికి ఎక్కువ మాఱులు బంతిని బంపినవారిదే గెలుపు. ఒక బంతియు, కొంత బయలును చాలును గనుకనే యీ యాట పేదవాని వీధిలోనికిఁ గూడఁ బ్రవేశించినది.

మోహన్ బగాన్ సంఘము 1889 ఆగస్టు 15వ తేదీన పుట్టినది. దాని కీర్తికి మూలము 1911 జూలై 29. ఆ దినమున ఐ. ఎఫ్. ఏ. షీల్డు తుదియాటలో ఈస్ట్ యార్క్‌షైర్ రెజిమెంటను దొరల సైనిక జట్టును రెండు గోలుల కొకటిగా నోడించిరి. దొరల కాళ్లకు బూట్లు. మనవారిలో ఒక్కనికి దప్ప తక్కిన పదుగురివి వట్టికాళ్లు. నాయకుఁడు శివదాస్ భాదురీ మొదటి గోలును, అభిలాష్ ఘోష్ గెలుపు గోలును జేసిరి. ఆ షీల్డును గెలిచిన మొదటి భారతీయ సంఘ మదియే. పాలకులను మైదానమునందైనను గెలువవచ్చునను ధైర్యము జనులకు గలిగెను.

ఇఁక రెండవ సంఘము. 1920 జూలైలో జోడాబగాన్ అను సంఘమువారు మోహన్ బగానుతో ఆడఁబోవుచు, శైలేశ్ బోసు అను నాటగానిని జట్టునుండి తొలగించిరి. అతఁడు తూర్పు వంగదేశమువాఁడు. ఆ సంఘమున ఉపాధ్యక్షుఁడుగా నున్న సురేశ్ చంద్ర చౌధురి యీ పనికి నొచ్చుకొని వెలికి వచ్చెను. కొలఁది దినములకే, ఆగస్టు 1వ తేదీన, తూర్పువారి పేరనే ఈస్ట్ బెంగాల్ సంఘము వెలసెను. అనఁగా అవమానమే దానికి విత్తనము. కలకత్తా లీగులో ఈ రెండును మొదట దలపడినది 1925 మే 28. నేపాల్ చక్రవర్తి చేసిన యొక్క గోలుతో క్రొత్త సంఘము గెలిచెను.

వంగదేశమునఁ బడమటివారిని ఘోటీలనియు, తూర్పునుండి వచ్చినవారిని బాంగాలులనియు వ్యవహరింతురు. భాష యొక్కటియే, యాస వేఱు. వంట వేఱు, వేళాకోళము వేఱు. ఘోటీలు మోహన్ బగాన్ పక్షము. బాంగాలులు ఈస్ట్ బెంగాల్ పక్షము. మొదటివారి జెండా ఆకుపచ్చ, ముదురెఱుపు. రెండవవారిది ఎఱుపు, బంగారు వన్నె. మోహన్ బగాన్ గెలిచినచో రొయ్యల కూర. ఈస్ట్ బెంగాల్ గెలిచినచో ఇలిశ్ చేప. మన గోదావరి తీరమువారు పులస యని ప్రాణముగా నెంచు చేపయే యిది. ఆటనాఁటి సాయంకాలము అంగడిలో ఏ బుట్ట ముందుగా ఖాళీ యగునో దానిని బట్టి గెలిచినవా రెవరో చెప్పవచ్చునందురు.

ఇంతవఱకును ఇది వియ్యాలవారి హాస్యమువంటిది. 1947లో దేశవిభజనము జరిగినది. తూర్పు వంగము పాకిస్తాను పాలాయెను. 1971లో అదియే బంగ్లాదేశమైనది. లక్షలకొలఁది కుటుంబములు ఇల్లును, పొలమును, చెఱువును విడిచి కలకత్తా చేరినవి. రైలు నిలయములలోను, గుడిసెలలోను దలదాఁచుకొన్న యా జనులకు ఊరు పోయెను, ఊరిపేరు మాత్రము మిగిలెను. ఆ పేరు మోయుచున్నది ఒక ఫుట్‌బాల్ సంఘము. వారము దినములు పనికై తిరిగి విసిగినవాఁడు మైదానమున తన పక్షము గెలిచిననాఁడు, ఈ నగరమున నాకును చోటున్నదని తలంచెను. ఎదిరివానికిని తన యాందోళన గలదు: ఊరు నిండిపోయెను, ఉద్యోగములు చాలకున్నవి, మా నగరము మాది కాకపోవునేమో యని. బంతి ఒక్కటియే, దానిమీఁద ఇన్ని బాధల బరువు. ఈ స్పర్ధ తీవ్రతకు ముఖ్యకారణ మిదియే యని నా తలంపు.

చిరకాలము బాలురకు పాఠములు చెప్పినవాఁడను, వ్యాకరణము చదివినవాఁడను గాన, పదముల భేదమును జూచుట నా యలవాటు. స్పర్ధ వేఱు, ద్వేషము వేఱు. స్పర్ధించువానికి ఎదిరి కావలయును. అతఁడు లేనిచో తన బలమునకు కొలత లేదు. ద్వేషించువానికి ఎదిరి యుండనే కూడదు. మొదటిది రెండవదానిగా మాఱుటకు ఒక్క నిమిషము చాలును.

కలకత్తాయే యిందులకు సాక్షి. 1975 సెప్టెంబరు 30న షీల్డు తుదియాటలో ఈస్ట్ బెంగాల్ అయిదు గోలులు చేయఁగా మోహన్ బగాన్ ఒక్కటియుఁ జేయలేకపోయెను. ఆ దుఃఖమును భరింపలేక మోహన్ బగాన్ అభిమాని యగు నొక యువకుఁడు ప్రాణము తీసికొనెను. 1980 ఆగస్టు 16న ఈడెన్ గార్డెన్సు మైదానమున ఆటగాండ్ర కలహము ప్రేక్షకులకు బ్రాఁకి, తొక్కిసలాటలో పదునాఱుగురు మరణించిరి. ఆట చూచి వచ్చెదమని యిల్లు వెడలినవారు తిరిగి రాలేదు. నాఁటినుండి ప్రతి సంవత్సరము ఆ దినమున వారి స్మృత్యర్థము రక్తదానము చేయుచున్నారు. చిందిన రక్తమునకు ఇంతకంటెఁ దగిన ప్రాయశ్చిత్తము నాకుఁ దోఁపదు.

ఇంకొక విశేషము. ఈ పక్షములు పుట్టుకతో వచ్చినవని తలంచుట భ్రాంతి. మోహన్ బగానునకు కోటగోడవలె నిలిచిన గోష్ఠ పాల్ జన్మించినది తూర్పు వంగపు ఫరీద్‌పూర్ సీమలో. జీవితమంతయు మోహన్ బగానుకే యాడిన చునీ గోస్వామి పుట్టినది తూర్పున కిశోర్‌గంజ్‌లో. ఈస్ట్ బెంగాలునకు 1949, 1950, 1951లలో వరుసగా మూఁడు షీల్డులు తెచ్చిన జట్టులో పంచపాండవులని పేరొందిన అప్పారావు, సాలె, వెంకటేశ్, ధనరాజ్, అహమ్మద్ ఖాను అనువా రైదుగురును దక్షిణదేశీయులు. సికిందరాబాదునుండి వెడలిన తులసీదాస్ బలరాము 1961లో ఆ సంఘమునకు నాయకుఁడయ్యెను. 1962లో జకార్తా ఆసియా క్రీడలలో భారతజట్టు స్వర్ణపతకము గెలిచినపుడు నాయకుఁడు మోహన్ బగాను చునీ. ప్రక్కన ఆడినవాఁడు బలరాము. శిక్షకుఁడు హైదరాబాదువాస్తవ్యుఁడగు సయ్యద్ అబ్దుల్ రహీము. పక్షములు రెండైనను పాటవ మొక్కచోటఁ జేరఁగలదు.

ఈ యభిమానము కాలముతోఁ దఱిగినదా? 1997 జూలై 13న సాల్ట్ లేక్ మైదానమున ఈ యాటను జూడ వచ్చినవారు 1,31,781 మంది. 2020లో రెండు సంఘములును ఇండియన్ సూపర్ లీగులోఁ జేరినవి. 2024 ఆగస్టులో కలకత్తాలో నొక వైద్యశాలయందు యువ వైద్యురాలు ఘోరముగా హత్య చేయఁబడెను. నగరమంతయు కలఁతపడియుండఁగా, ఆగస్టు 18న జరుగవలసిన వీరి డ్యూరాండ్ కప్పు ఆటను రక్షకభటులు చాలరని రద్దుచేసిరి. ఆట లేకున్నను అభిమానులు మైదానము వెలుపలఁ జేరిరి. రెండు జెండాలును ప్రక్కప్రక్కన నెగిరెను. ఆ వైద్యురాలికి న్యాయము కావలయునని రెండు పక్షములవారును ఒక్క గొంతుతో నడిగిరి.

పెద్దలారా, మన గ్రామములలోను చెడుగుడు పోటీలు గలవు, ఎడ్లచే బండలాగించు పందెములు గలవు, భజన పోటీలు గలవు. వానిని మాన్పుఁడని నేను చెప్పను. పంతము లేని యూరు చప్పిడి కూడు. కాని పందెము మొదలగునపుడు ఆ పంతము వెనుక ఏ పాత గాయ మున్నదో విచారింపుఁడు. నీటి తగవో, పొలిమేర తగవో దాఁగియున్నచో దానిని ముందుగా రచ్చబండ యొద్దఁ దీర్పుఁడు. ఓడినవాని ముంగిటికి డప్పులతోఁ బోనీయకుఁడు. గెలిచినవాఁడు పులస వండుకొనిన, ఓడినవాని యింటికొక ముక్క పంపవలయు ననునదియే నా మనవి.