తళుకు తలుపుల్లో.. తంటా సింకు కింద

వంటగదిని తిరగ్గట్టే రాయ్‌పూర్ తెలుగు కుటుంబాలు రంగుల కన్నా ముందు తేల్చుకోవాల్సినవి వేరే ఉన్నాయి

రాయ్‌పూర్‌లో పాతకాలపు ఇంటి వంటగదిలోకి అడుగుపెడితే తెలుగువారికి ఓ చుట్టం ఎదురవుతుంది. పొయ్యి కింద పరిచిన నల్లటి గట్టు రాయి. అక్కడి మేస్త్రీలు, దుకాణదారులు హిందీలో దాన్ని పిలిచే పేరు 'కడప్పా'. రాయలసీమ జిల్లా పేరే మధ్య భారతంలో ఓ రాతి పేరుగా స్థిరపడిపోయింది. ఆ గట్టు చివర చిన్న సింకు, కింద తలుపుల్లేని రాతి అరలు. పులుసు మరకలు పడి అందం తగ్గి ఉండొచ్చు కానీ నీళ్లకు ఉబ్బింది లేదు, చెదలు పట్టింది లేదు.

ఇప్పుడు ఆ రాయి పోయి మాడ్యులర్ కిచెన్ వస్తోంది. 1931లో విజయనగరం-రాయ్‌పూర్ రైలు మార్గం పూర్తయ్యాక రైల్వే కొలువులతోనూ, 1959లో తొలి బ్లాస్ట్ ఫర్నేస్ వెలిగిన భిలాయ్ ఉక్కు కర్మాగారంలో ఉద్యోగాలతోనూ తెలుగు కుటుంబాలు ఈ ప్రాంతానికి చేరాయి. 2000 నవంబరు 1న ఛత్తీస్‌గఢ్ రాజధాని అయ్యాక నగరం రూపం మారింది, ఇళ్లూ మారాయి. వంటగదికి పెట్టే సొమ్ము చిన్నదేమీ కాదు. మళ్లీ ఇరవై ఏళ్ల దాకా దాని జోలికి వెళ్లకూడదనే ఎవరైనా అనుకుంటారు. తీరా షోరూంకు వెళ్తే కాలమంతా తలుపుల రంగుకే సరిపోతుంది. సింకు బిల్లు చివర్లో తగిలించే వస్తువవుతుంది. విచిత్రం ఏమిటంటే, వంటగది పాడవడం మొదలయ్యేది సాధారణంగా ఆ సింకు కింది అరలోంచే.

మాడ్యులర్ కిచెన్‌కు మూలపుటమ్మ అనదగ్గది 1926లో జర్మనీలో పుట్టిన ఫ్రాంక్‌ఫర్ట్ కిచెన్. ఆస్ట్రియాకు చెందిన ఆర్కిటెక్ట్ మార్గరెటె షూట్-లిహోట్‌స్కీ రైళ్లలోని భోజనశాల వంటగదులను చూసి దాన్ని రూపొందించారు. సుమారు 10,000 ఇళ్లలో అమర్చారు. పిండి డబ్బాలకు ఓక్ చెక్క వాడింది పురుగు పట్టదని. తలుపులకు నీలం కలిసిన పచ్చరంగు వేసింది ఈగలు వాలవన్న నమ్మకంతో. అంటే అక్కడ ప్రతి పైపూతా చేసే పనికి సమాధానం. మన షోరూంలలో తరచూ తలకిందులయ్యేది ఈ వరసే.

రాయ్‌పూర్ వంటగదికి తనవైన సమస్యలున్నాయి. మే నెలలో 45 డిగ్రీలు తాకే ఎండ, ఆ వెంటనే నెలల తరబడి వాన తేమ. దానికితోడు ఉర్లా, సిల్తరా పారిశ్రామికవాడల్లోని స్పాంజ్ ఐరన్ కర్మాగారాల పుణ్యమా అని ఇళ్లపై పడే నల్లటి ధూళి. పోపు పొగలోని నూనె జిడ్డుకు ఆ ధూళి తోడైతే అద్దంలా మెరిసే తలుపు మీద ప్రతి వేలిముద్రా లెక్కపెట్టొచ్చు.

ముందు సింకు సంగతి. భిలాయ్ పక్కనే ఉన్నంత మాత్రాన ఉక్కు తెలిసిపోదు. అక్కడ తయారయ్యేది రైలు పట్టాలు, ప్లేట్లు. సింకుకు కావాల్సింది స్టెయిన్‌లెస్ స్టీలు. అందులో 304 రకంలో దాదాపు 18 శాతం క్రోమియం, 8 శాతం నికెల్ ఉంటాయి. చవకైన 202లో నికెల్ తగ్గించి మాంగనీస్ పెంచుతారు. ఉప్పు, పులుపు తగిలే చోట తుప్పు మచ్చలు త్వరగా వచ్చేది దానికే. అయస్కాంతం పెట్టి చూస్తే తేలిపోతుందన్న మాట నమ్మొద్దు. ఈ రెండింటికీ అయస్కాంతం సరిగ్గా అంటుకోదు. రకం ఏమిటో బిల్లు మీద రాయించుకోవడం, ఇళ్లలో వాడే స్టీలు సింకుల ప్రమాణమైన ఐఎస్ 13983 గుర్తు ఉందేమో చూసుకోవడం మేలు. గేజ్ అంకె తగ్గేకొద్దీ రేకు మందం పెరుగుతుంది. 18 గేజ్ అంటే సుమారు 1.2 మిల్లీమీటర్లు. పెద్ద కుక్కర్లు, ఇనప మూకుళ్లు పడే ఇంటికి అంతకన్నా పల్చనిది పనికిరాదు.

రెండు తొట్ల సింకు ఫొటోలో బాగుంటుంది. కానీ ఉన్న చోటునే రెండుగా చీలిస్తే ఇడ్లీ కుక్కర్ దేంట్లోనూ పట్టదు. 'గ్రానైట్ సింకు' పేరుతో అమ్మేవి చీమకుర్తి రాయిలాంటివి కావు. క్వార్ట్జ్ రేణువులను రెజిన్‌తో కలిపి పోతపోసినవి. లేత రంగు తీసుకుంటే పసుపు మరకతో రోజూ కుస్తీ తప్పదు.

ఇక అరలు. తలుపు అంటే ముఖం, వెనకున్న పెట్టె అంటే ఒళ్లు. ముఖానికి అక్రిలిక్ వేయించి ఒంటికి పార్టికల్ బోర్డు సరిపెడితే, పైపు జాయింటు దగ్గర కారే చుక్కలకు అది అట్టలా ఉబ్బుతుంది. సింకు కింది పెట్టెకైనా ఐఎస్ 710 గుర్తున్న మెరైన్ ప్లైవుడ్ వాడాలి. అంచులన్నీ పట్టీతో మూయించాలి. నేల కడిగిన నీళ్లు తగలకుండా పెట్టెలు కాళ్ల మీద నిలబడాలి. బోర్డుల జిగురులోంచి వెలువడే ఫార్మాల్డిహైడ్‌ను అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 2004లో క్యాన్సర్ కారకాల జాబితాలో చేర్చింది. అందుకే తక్కువగా వెలువరించే ఈ1 లేదా ఈ0 తరగతి బోర్డు అడగడం ఆడంబరం కాదు.

పైపూతల్లో మ్యాట్ లామినేట్ మన వంటకు నమ్మకమైన నేస్తం. గీతలు త్వరగా పడవు, సబ్బునీటి గుడ్డతో జిడ్డు వదులుతుంది. అక్రిలిక్ మెరుపు ఎక్కువ, గీతల భయమూ ఎక్కువే. పీవీసీ పొర అంటించిన తలుపులు పొయ్యి పక్కన వేడికి అంచుల్లో లేచిపోతాయి. పీయూ పెయింటు అందమైనదే కానీ దెబ్బ తగిలితే అతుకు కలవదు. ఒకే ఇంట్లో ఒకే పూత ఉండాలన్న నియమమూ లేదు. పొయ్యి, సింకు చుట్టూ లామినేట్, చేతికందని పైఅరలకు నచ్చిన మెరుపు పెట్టుకుంటే ఖర్చూ తగ్గుతుంది, సరదా కూడా తీరుతుంది.

ఇంతా చేసి, షోరూంకు తీసుకెళ్లని మనిషి ఒకరుంటారు. అంట్లు తోమే మనిషి. అది ఇంటి ఇల్లాలు కావచ్చు, పనిమనిషి కావచ్చు. తొట్టి అడుగు మరీ లోతుంటే ఆమె నడుం వంగుతుంది. గట్టు మరీ ఎత్తయితే భుజాలు లాగుతాయి. సింకులోకి చెయ్యి చాపినప్పుడు వీపు నిటారుగా ఉంటుందా అన్నది ఏ క్యాటలాగూ చెప్పదు. గట్టు ఎత్తు ఖాయం చేసే రోజున ఆమెను అక్కడ నిలబెట్టి కొలత తీసుకోమని వడ్రంగికి చెప్పడానికి పైసా ఖర్చవదు. రాబోయే ఇరవై ఏళ్లు రోజుకు రెండు పూటలా ఆ ఎత్తుతో వేగేది ఆమే.