బొమ్మకు తగిన భరిణె

శుభలేఖ అచ్చు వేయించదలచిన గృహస్థు బొమ్మను, పాఠమును కాగితముపై వ్రాసికొని ముద్రణాలయమునకు పోవుట నేడు అరుదు. ఒక ఫైలు పంపిన చాలును. చేతి ఫోనులో ముచ్చటగా కనిపించిన ఆ ఫైలే అచ్చయి వచ్చుసరికి వినాయకుని బొమ్మ చుట్టును బూడిద చల్లినట్లుండును. వధూవరుల పేర్లలోని వత్తులు అలుకుకొనిపోవును. తప్పు ముద్రాపకునిదే అని తలచెదము. పెక్కు పర్యాయములు ఆ తప్పు బొమ్మను భద్రపరచిన పద్ధతిలోనే ఉండును. ఆ పద్ధతులు అనేకములు. వానిలో దేనికి ఏది తగునో తెలిసికొనుట చిత్రకారులకే గాక, ఇంటిలో పాత ఛాయాచిత్రములున్న వారికందరకును అవసరము.

కంప్యూటరుకు ఛాయాచిత్రమనగా గళ్ళ కాగితము వంటిది. ఒక్కొక్క గడిలో ఒక్కొక్క రంగు చుక్క. దానికే పిక్సెల్ అని పేరు. ప్రతి చుక్కకును ఎరుపు, ఆకుపచ్చ, నీలము అను రంగుల పాళ్ళు మూడు సంఖ్యలుగా వ్రాయబడును. సాధారణముగా ఒక్కొక్క సంఖ్యకు ఒక బైటు చోటు పట్టును. అడ్డముగా 4000, నిలువుగా 3000 చుక్కలు గల చిత్రములో 1 కోటి 20 లక్షల చుక్కలుండును. వానిని ఉన్నవి ఉన్నట్లు వ్రాసినచో 3 కోట్ల 60 లక్షల బైట్లగును. ఈ బరువును తగ్గించుటలోనే పద్ధతికిని పద్ధతికిని భేదము కలుగుచున్నది.

వీనిలో మిక్కిలి ప్రచారము గలది జేపెగ్. ఇది 1992లో ప్రమాణముగా స్థిరపడినది. దీనికి ఆధారమైన గణితమునకు మన దేశముతో సంబంధము కలదు. బెంగళూరులో జన్మించి అమెరికాలో ఆచార్యులైన నాసిర్ అహ్మద్ గారు, టి. నటరాజన్, కె. ఆర్. రావు గారలతో కలిసి 1974లో ప్రకటించిన ‘డిస్క్రీట్ కొసైన్ ట్రాన్స్‌ఫారమ్’ అను ప్రక్రియయే ఆ ఆధారము. బొమ్మను అడ్డమునకు 8, నిలువునకు 8 చుక్కలు గల చదరములుగా విభజింతురు. ఒక్కొక్క చదరములో వెలుగునీడలు మెల్లగా మారు అంశమెంత, చప్పున మారు అంశమెంత అని లెక్కగట్టుదురు. మన కన్ను మెల్లని మార్పులను బాగుగా పట్టగలదు. అతిసూక్ష్మమైన మార్పులను అంతగా గమనింపదు. కనుక ఆ సూక్ష్మాంశములను కుదించి, కొన్నిటిని పూర్తిగా విడిచివేయుదురు. ఆకాశము, పైరుచేను, మనిషి ముఖము వంటి దృశ్యములు పదవవంతు చోటులో ఒదిగినను చూచువారికి లోటు తోపకుండుట ఇందువలననే.

అక్షరముల సంగతి వేరు. తెల్లని కాగితముపై నల్లని గీత అంచున రంగు ఒక్కసారిగా మారును. జేపెగ్ ముందుగా కుదించునది అట్టి మార్పునే. అందుచే ‘లక్ష్మి’ అను పేరులోని వత్తుల సందులలో మరకలు తేలును. జేపెగ్ బొమ్మను తెరచి, దిద్ది, మరల భద్రపరచినప్పుడెల్ల ఇంకను కొంత పోవుచుండును. పిండియైన బియ్యము తిరిగి గింజ కానట్లే, పోయిన వివరము మరల రాదు. ఆ ఫైలును వేరొక మేలైన రూపములోనికి మార్చినంత మాత్రమున నష్టము పూడదు.

గీతలకును, అక్షరములకును తగిన రూపము పి.ఎన్.జి. దీనికి ముందు, 1987లో, కంప్యూసర్వ్ సంస్థ జిఫ్ అను రూపమును వెలువరించినది. అందు ఒక చిత్రమునకు 256 రంగులే లభించును. కదలు చిన్న బొమ్మలకు అది నేటికిని వాడుకలో ఉన్నది. జిఫ్‌లోని కుదింపు విధానముపై యూనిసిస్ సంస్థకు అప్పట్లో పేటెంటు ఉండెను. రుసుము చెల్లింపవలెనను వార్త 1994 చివర వెలువడగా, కొందరు నిపుణులు పూనుకొని ఎవరికిని రుసుము కట్టనక్కరలేని పి.ఎన్.జి.ని 1995లో రూపొందించిరి. ఇది ఏ చుక్కను విడువదు. ప్రక్క చుక్కలను బట్టి ఈ చుక్క ఎట్లుండునో ఊహించి, తేడాను మాత్రమే కుదించి వ్రాసికొనును. ఒకే రంగు పరచిన చోట తేడా సున్న గనుక ఫైలు చిన్నదగును. ఛాయాచిత్రమునకైతే మిక్కిలి పెద్దదగును. ముద్రణాలయములో వాడు నీలి, గులాబి, పసుపు, నలుపు సిరాల లెక్కకు మాత్రము ఇందు తావు లేదు. ఆ పనికి టిఫ్, పి.డి.ఎఫ్. రూపములు తగును.

చుక్కలతో పనిలేని పద్ధతి మరియొకటి కలదు. ముగ్గును నేర్పు తల్లి, ఇన్ని చుక్కలు పెట్టి, ఇక్కడినుండి అక్కడికి గీత త్రిప్పుమని చెప్పును. ఆ క్రమము తెలిసిన కూతురు తులసికోట ముందు చిన్నదిగాను, వీధివాకిట పెద్దదిగాను అదే ముగ్గు వేయగలదు. 2001లో ప్రమాణమైన ఎస్.వి.జి. ఇట్టిది. అందు గీత ఏ వంపు తిరుగవలెనో మాత్రమే వ్రాసియుండును. అంగడి గుర్తును ఈ రీతిగా గీయించుకొన్నచో చీటీపైనను, పెద్ద బోర్డుపైనను అంచు చెదరదు.

ఇక ఆచరణలో చేయదగినది. మంచి అచ్చునకు అంగుళమునకు 300 చుక్కలు వాడుక. అనగా 5 అంగుళముల వెడల్పు, 7 అంగుళముల పొడవు గల కార్డుకు 1500, 2100 చుక్కలు కావలెను. సందేశములలో బొమ్మగా పంపినది దారిలో కుదింపబడవచ్చును గనుక ముద్రాపకునకు దానిని పత్రముగా పంపవలెను.

తాతముత్తాతల ఛాయాచిత్రము ఒక్కటే ప్రతి ఉన్నప్పుడు ఈ జాగ్రత్త మరింత ముఖ్యము. స్కాను చేయించి, ఏమియు కోల్పోని టిఫ్‌గా ఒక మూలప్రతిని భద్రపరచి, దానిని మరల ముట్టకుండుట మేలు. దిద్దుటకును, బంధువులకు పంచుటకును జేపెగ్ నకళ్ళు తీసికొనవచ్చును. కాగితముపై చిత్రము ఏటేటికి వెలసిపోవుచుండును. రేపు దానినుండి మరల అంత వివరము దొరకకపోవచ్చును.