తాతగారి బ్రౌనింగు తుపాకి

గచ్చిబౌలి కూడలియొద్ద నిలిచి అద్దాల మేడలను చూచువానికి, ఆ మేడలలో ఏ ఇరువదవ అంతస్తునందో, ఉక్కు బీరువాలో, నూఱేండ్లు దాటిన నమూనాకు చెందిన బెల్జియము తుపాకి యొకటి పండుకొని యుండునని తోచదు. నల్లగొండ, మెదకు, పాలమూరు మండలములలో ఒకనాడు భూములేలిన దేశముఖుల, జాగీర్దారుల సంతతివారు గడీలను విడిచి పట్టణమునకు చేరిరి. 1949లో జాగీర్లు రద్దయిన పిమ్మట ఒక్కొక్కటిగా భూములు పోయినవి, గుఱ్ఱములు పోయినవి, గడీల కప్పులు కూలినవి. పంపకములలో ఎవరికిని అక్కఱలేకయు, ఎవరును విడువలేకయు మిగిలిన వస్తువులలో తుపాకి యొకటి. వేటయా, 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టముతో సరి. కనుక నేటి వారసునకు ఆ తుపాకి వలన ఉపయోగము స్వల్పము, బాధ్యత మాత్రము మిక్కుటము. ఆ బాధ్యతలో సగము ఇనుమునకు సంబంధించినది, సగము కాగితమునకు సంబంధించినది.

వరంగల్లు అడవులలో వేటాడిన పులితో లార్డు కర్జను దంపతులు నిలిచియుండగా రాజా దీనదయాళు తీసిన ఛాయాచిత్రము 1902 నాటిది. సరిగా ఆ సంవత్సరముననే, ఈ తుపాకిని కల్పించిన జాన్ మోజెస్ బ్రౌనింగు తన నమూనాను చంకబెట్టుకొని అమెరికాలో వాకిలివాకిలి తిరుగుచుండెను. అంతకుముందు తన తుపాకులలో పెక్కింటిని వించెస్టరు కంపెనీకి ఏకమొత్తమునకు అమ్ముచు వచ్చిన ఆ శిల్పి, ఈసారి మాత్రము అమ్మిన ప్రతి తుపాకికిని రాయల్టీ కావలెనని పట్టుబట్టెను, వించెస్టరువారు ఒల్లమనిరి. పిదప రెమింగ్టను కంపెనీకి పోయి, అధ్యక్షుడు మార్సెలస్ హార్ట్‌లీ దర్శనమునకై కార్యాలయములో వేచియుండగా, ఆ పెద్దమనిషి గుండె ఆగి మరణించెనన్న వార్త వచ్చినది. అది జనవరి మాసము. బ్రౌనింగు ఓడయెక్కి బెల్జియములో లియేజి నగరము చెంతనున్న ఎఫ్.ఎన్. కర్మాగారమునకు పోయెను, అచ్చట పుట్టిన తుపాకియే ఆటో-5, అనగా మాగజీను గొట్టములో నాలుగు తూటాలు, తూటా పేలు గదిలో ఒకటి, వెరసి ఐదు. వీపు మూపురమువలె లేచియుండుటచే దూరమునుండియే గుర్తించవచ్చును. రెమింగ్టనువారు తరువాత దిగివచ్చి 1905 నుండి అదే నమూనాను మోడల్ 11 అను పేర చేసిరి. చేజార్చుకొన్న వించెస్టరువారి కథ ఇంకను విషాదకరము: బ్రౌనింగు పేటెంట్లను తప్పించుకొనవలసి వచ్చి, 1911లో వారు చేసిన తుపాకికి బోల్టును లాగు పిడి లేదు, గొట్టమునే పట్టి వెనుకకు నెట్టవలయును. తేమకు ఉబ్బిన కాగితపు తూటా గదిలో ఇఱుకుకొన్నప్పుడు, కుందాను నేలకానించి మూతిని తమవైపు ఉంచుకొని గొట్టమును క్రిందికి నొక్కినవారిలో కొందఱు ప్రాణములు కోల్పోయిరి. దానికి అమెరికావారు విధవలను చేయునది అని పేరు పెట్టిరి.

పాత సెమీ ఆటోమాటిక్ తుపాకిని పోషించదలచినవాడు మొట్టమొదట దాని నడకను గ్రహింపవలయును. జంటగొట్టపు తుపాకిలో పేలుడు యొక్క ధాటి భుజమునకు తగిలి అంతటితో ముగియును. ఆటో-5లోనో, ఆ ధాటియే తరువాతి తూటాను నింపు కూలిని చేయును. మీట నొక్కినంతనే గొట్టమును బోల్టును ఒండొంటిని పట్టుకొని, తూటా పొడవును మించిన దూరము కలిసి వెనుకకు జరుగును. అచ్చట బోల్టు చిక్కుకొని నిలువగా గొట్టము మాత్రము తన స్ప్రింగు త్రోపున ముందునకు మరలును. బోల్టు కొక్కెమునందు మిగిలిన ఖాళీ డొప్ప ప్రక్కకు ఎగిరిపోవును. పిదప విడుదలయైన బోల్టు క్రొత్త తూటాను గదిలోనికి తోయును. ఇదంతయు రెప్పపాటులో జరుగును. భుజము మీద వేటు పడినప్పుడెల్ల గొట్టమంత బరువు తుపాకిలోపల పరుగెత్తి ఆగుచున్నదన్నమాట. ఆ పరుగును ఆపునదేది? యజమాని తెలిసికొనవలసిన విషయములలో దీనికి మించినది లేదు.

మాగజీను గొట్టము చుట్టును పెద్ద స్ప్రింగు ఒకటి, దాని కొనయందు చీలికగల కంచు తునుక యొకటి, వాలు అంచుగల ఉక్కు ఉంగరము ఒకటి ఉండును. గొట్టము వెనుకకు దూకినపుడు ఉంగరపు వాలు కంచును బిగించి, సైకిలు చక్రమును బ్రేకు పట్టినట్లు, పరుగును నెమ్మది పఱచును. బరువైన తూటాలు వాడునపుడు ఉంగరము స్ప్రింగునకును కంచునకును నడుమ ఉండవలయును. తేలిక తూటాలకైనచో దానిని తీసి స్ప్రింగు వెనుక, రిసీవరు ప్రక్కన పెట్టవలయును. తేలిక అమరికలో బరువు తూటాలు పేల్చినయెడల గొట్టము అదుపులేక వచ్చి ఉక్కును ఉక్కు ఢీకొట్టును. ముందుచెక్క నిట్టనిలువున చీలును. మన దేశములో కనబడు ఆటో-5లలో ముందుచెక్క పగిలి, రాగితీగతో చుట్టబడినవి కొల్లలు. అది కట్టె దోషము కాదు, ఎనిమిదణాల విలువచేయని ఉంగరమును తాతగారి నౌకరు ఎప్పుడో తలక్రిందుగా ఎక్కించిన ఫలితము. కనుక వారసత్వముగా వచ్చిన తుపాకిని నూనెతో తుడుచుటకు ముందు ముందుచెక్కను విప్పి ఉంగరము ఎక్కడ ఉన్నదో చూడవలయును. అంతకన్న ముందు, బోల్టును వెనుకకు లాగి గదిలోను, మాగజీను గొట్టములోను తూటా లేదని కంటితో చూచి వ్రేలితో తడిమి నిశ్చయించుకొనవలయును. గొట్టపు మాగజీనులో దాగిన తూటా పైకి కనబడదు.

స్ప్రింగులకు ఆయుర్దాయము కలదు. గొట్టము చుట్టునున్న స్ప్రింగు అలసినయెడల పొట్టిదగును. క్రొత్త స్ప్రింగు ప్రక్కన పెట్టి చూచిన తెలియును. బోల్టును ముందునకు తోయు మఱియొక స్ప్రింగు కుందాలోపల ఉక్కు గొట్టములో ఉండును. దానిని దశాబ్దములుగా ఎవరును విప్పియుండరు. అచ్చట తుప్పును జిడ్డును కలిసి గట్టిపడియుండుట వలన బోల్టు నత్తనడక నడచుచుండును, యజమాని తూటాను నిందించుచుండును. రిసీవరు వెనుకగోడ యందు బోల్టు వేటును భరించు ఫైబరు తునుక యొకటి ఉండును; అది శిథిలమై రాలిపోయిన తుపాకిని పేల్చరాదు. 1963లో వచ్చిన రెమింగ్టను 1100వంటి తుపాకుల తీరు వేఱు: వానిలో గొట్టము కదలదు, పేలుడు వాయువు సన్నని రంధ్రముల గుండ ముషలమును నెట్టును. వాని రోగము రంధ్రములలో పేరుకొను మసి, ఎండి పగులు రబ్బరు వలయము. మసిని తీయుదురు గాని, కొన్ని రూపాయల రబ్బరును మఱచి తుపాకి చచ్చినదని వాపోవుదురు.

హైదరాబాదు వాతావరణము బొంబాయి, విశాఖలవలె ఉప్పుగాలిది కాదు. అయినను ఆషాఢమునుండి ఆశ్వయుజము వఱకు గాలిలోని తేమ చాలును. తుపాకికి మహాశత్రువు తోలుసంచి. వేటగాడు ఠీవిగా భుజమునకు తగిలించుకొన్న ఆ సంచి తేమను పీల్చి నెలల తరబడి ఉక్కునకు అద్దుచుండును. కనుక బీరువాలో ఒట్టిగా, సిలికా జెల్ పొట్లముల నడుమ ఉంచుట మేలు. చేతి చెమటలోని ఉప్పు నీలిపూతను తినివేయును. చూపుటకై చుట్టముల చేతికిచ్చిన తుపాకిని వారు వెళ్లిన వెంటనే తుడువవలయును. కొబ్బరినూనె పనికిరాదు, ఇరువది నాలుగు డిగ్రీలకు దిగువన గడ్డకట్టునది కనుక పుష్యమాసపు ఉదయమున బోల్టు కదలకపోవచ్చును. సన్నని యంత్రతైలము చాలును, అదియు పూతగానే గాని ధారగా కాదు. నూనె దండిగా పోసి మూతి పైకుండునట్లు నిలిపినయెడల అది మెల్లగా దిగి కుందా కంఠమునకు చేరి, వాల్నట్టు కట్టెను నల్లబఱచి మెత్తబఱచును. మఱలు పట్టు తప్పును. శుభ్రపఱచిన రాత్రి మూతి క్రిందికుండునట్లు ఆనించు పాతకాలపు అలవాటులో తెలివి ఉన్నది.

గొట్టములోపల కందిరీగలు మట్టిగూళ్లు కట్టును. ఇది కట్టుకథ కాదు. అట్టి గూడు గల గొట్టములో తూటా పేల్చినచో గొట్టము ఉబ్బును, లేదా చీలును. బయటి సొట్ట కూడ అంతే ప్రమాదము. రెండవ యుద్ధమునకు పూర్వపు పదునాఱు బోరు బెల్జియము తుపాకులలో అనేకములకు గది పొడవు 65 మిల్లీమీటర్లే; నేటి 70 మిల్లీమీటర్ల తూటా అందులో దూరినట్లే కనబడి, పేలునపుడు విచ్చుకొనుటకు చోటులేక ఒత్తిడి పెంచును. గదిని కొలిపించక తూటా కొనరాదు. తాతగారి పెట్టెలో మిగిలిన కాగితపు తూటాలను జ్ఞాపికలుగా కూడ ఉంచుకొనక పోలీసువారికి అప్పగించుటయే మేలని నా అభిప్రాయము. పన్నెండు బోరునకు ఖడ్కీ కర్మాగారమువారి శక్తిమాన్ తూటాలు చిరకాలముగా మన దేశములో వాడుకలో ఉన్నవి.

ఇక కాగితము సంగతి. 1959 నాటి ఆయుధచట్టము క్రింద వచ్చిన నియమములు సెమీ ఆటోమాటిక్ తుపాకులను సామాన్యమగు జంటగొట్టపు తుపాకుల సరసన ఉంచక కఠినమగు వర్గములో చేర్చినవి. కనుక పాత లైసెన్సులో ఆ తుపాకి ఏ వర్గముగా నమోదైనదో, నంబరు గొట్టము మీది నంబరుతో సరిపోవుచున్నదో చూడక ముందడుగు వేయరాదు. యజమాని మరణానంతరము వారసునకు లైసెన్సు ఇచ్చుటకు 2016 నియమములలో వీలు కలదు. యజమాని డెబ్బది ఏండ్లవాడైనను, తుపాకిని ఇరువదియైదేండ్లు కలిగియున్నను, జీవించియుండగనే వారసునకు బదలాయింపవచ్చును. ఈ సౌకర్యమును వాడుకొనక, పెద్దాయన పోయిన పిదప లైసెన్సు లేని తుపాకిని ఇంట నుంచుకొను కుటుంబములు నేరమును వారసత్వముగా పొందుచున్నవి. అట్టిచో ఆలసింపక పోలీసు ఠాణాలోనో, లైసెన్సు గల వర్తకుని యొద్దనో డిపాజిట్టు చేయవలయును. 2019 సవరణ ఒక్కొక్కరికి మూడు తుపాకులనుండి రెండింటికి తగ్గించి, లైసెన్సు గడువును మూడేండ్లనుండి ఐదేండ్లకు పెంచినది. పెండ్లి ఊరేగింపులలో గాలిలోనికి పేల్చు ఘనులకు రెండేండ్ల వఱకు కారాగారము చూపినది. గచ్చిబౌలివారికి దరఖాస్తు చేయు చోటు దూరము కాదు, సైబరాబాదు పోలీసు కమీషనరేటు ఆ ఊరిలోనే ఉన్నది. ఎన్నికల వేళ డిపాజిట్టు చేయుమని ఆజ్ఞ వచ్చినపుడు నూనె పూసి, రసీదు పుచ్చుకొని ఇచ్చుట ఉత్తమము. ఠాణా గదులలో సిలికా జెల్ ఉండదు.

మరమ్మతు మఱియొక చిక్కు. 1980ల నడుమనుండి సామాన్యులకు విదేశీ తుపాకుల దిగుమతి నిలిచిపోయినది. ఆటో-5 తయారీ సైతము డెబ్బదుల నడిమి కాలమున జపానులోని మిరోకు కర్మాగారమునకు తరలి, 1998లో ఆగిపోయినది. పగిలిన కొక్కెమునకు బదులు దొరకుట కష్టము, అరగదీసి చేయగల మిస్త్రీలు వేళ్లమీద లెక్కింపదగినవారు. అందుచే ఈ తుపాకుల విషయమున వైద్యము కన్న పథ్యము ముఖ్యము. గొట్టమును కోయించి పొట్టిదానిని చేయుట మాత్రము పథ్యమును కాదు, వైద్యమును కాదు, అది చట్టవిరుద్ధము.

మఱి పేల్చవలెనన్న కోరిక తీరునది ఎచ్చట? 2002 జాతీయ క్రీడలు, 2003 ఆఫ్రో-ఏషియన్ క్రీడలు గచ్చిబౌలి రూపమును మార్చిన కాలమునుండియు కేంద్రీయ విశ్వవిద్యాలయ ప్రాంగణములోని షూటింగు రేంజి తుపాకివారికి పరిచితము. 2016లో రియో ఒలింపిక్సున, ఎగురు మట్టిబిళ్లలను కొట్టు ట్రాప్ పోటీకి దిగిన కైనాన్ చెనాయ్ హైదరాబాదువాడే. ఆ క్రీడాకారులు ఒకదానిపై నొకటి గొట్టములు గల తుపాకినే పట్టుదురు; ఖాళీ డొప్ప ప్రక్కవాని ముఖము మీదికి ఎగరదు, తెఱచియుంచినచో ఖాళీగా ఉన్నట్లు అందఱికిని కనబడును. పాత బ్రౌనింగుతో అచ్చటికి పోదలచినవాడు ముందుగా అనుమతి అడిగి, ఒక్క సంగతి గుర్తుంచుకొనవలయును: ఒలింపిక్ పోటీ తూటాలో సీసము 24 గ్రాములే. ముప్పదిరెండు, ముప్పదియాఱు గ్రాముల వేటతూటాలకు అమర్చిన తుపాకిలో అది గొట్టమును చివరి దాక నెట్టజాలదు. 110 మిల్లీమీటర్ల మట్టిబిళ్ల గాలిలో పగులును గాని, ఖాళీ డొప్ప గదిలోనే చిక్కుకొని, ఐదుతూటాల తుపాకి ఒంటితూటా తుపాకియగును. ఉంగరమును తీసి స్ప్రింగు వెనుక పెట్టవలసినది అప్పుడే. ఇంటికి వచ్చిన పిదప దానిని తిరిగి యథాస్థానమున ఉంచవలసినదియు అతడే.