నాడీకణాల నారుమడి

మీ కుడికాలి బొటనవేలిని ఒకసారి పైకెత్తి చూడండి. ఎంత తేలికైన పని! కానీ ఆ క్షణంలో మీ ఒంట్లో పెద్ద తతంగమే నడిచింది. మెదడులో పుట్టిన ఆజ్ఞ వెన్నుపాములోకి దిగింది. అక్కడ మరొక నాడీకణం దాన్ని అందుకుని కాలి కండరానికి చేరవేసింది. కండరం ముడుచుకుంది, వేలు లేచింది.

కండరాలకు ఆజ్ఞను చేరవేసే ఈ కణాలను చాలక నాడీకణాలు అంటారు. కణం ఉండేది వెన్నుపాములో. దాని నుంచి సన్నని దారంలాంటి తోక కండరం వరకూ సాగుతుంది. దీన్నే మీరు పాఠ్యపుస్తకంలో తంత్రికాక్షం అని చదివి ఉంటారు. పెద్దవాళ్లలో వెన్నుపాము నుంచి పాదం దాకా పోయే తంత్రికాక్షం పొడవు సుమారు ఒక మీటరు. దాని కొసకూ కండరానికీ మధ్య చిన్న ఖాళీ ఉంటుంది. ఆజ్ఞ కొసకు చేరగానే ఎసిటైల్ కోలిన్ అనే రసాయనం విడుదలై, ఆ ఖాళీని దాటి, కండరాన్ని తట్టి లేపుతుంది. ఈ చోటును నాడీ-కండర సంధి అంటారు.

ఆజ్ఞ ఆగిపోతే?

చాలక నాడీకణాలు ఒక్కొక్కటే చచ్చిపోయే జబ్బు ఒకటుంది. దాని పేరు ఎమియోట్రోఫిక్ లేటరల్ స్క్లెరోసిస్. పొడుగు పేరు కాబట్టి ఎ.ఎల్.ఎస్. అందాం. ఆజ్ఞలు అందని కండరాలు క్రమంగా చిక్కిపోతాయి. చెయ్యి పట్టు తప్పుతుంది, నడక పోతుంది, మాట తడబడుతుంది. చివరికి ఊపిరి పీల్చే కండరాలు కూడా పనిచెయ్యవు. జబ్బు బయటపడ్డాక చాలామంది కొద్ది సంవత్సరాలే బతుకుతారు. ప్రసిద్ధ భౌతికశాస్త్రవేత్త స్టీఫెన్ హాకింగ్‌కు ఇది 21 ఏళ్ల వయసులో, 1963లో బయటపడింది. ఆయన 2018 వరకూ జీవించడం చాలా అరుదైన సంగతి.

ఈ జబ్బుకు మందు కనిపెట్టడం ఎందుకింత కష్టమైంది? చర్మం మీద పుండు లేస్తే వైద్యుడు చిన్న ముక్క తీసి పరీక్షిస్తాడు. బతికున్న మనిషి వెన్నుపాము నుంచి అలా ముక్క తీయడం కుదరదు. రోగి మరణించాక చూస్తే జబ్బుపడిన కణాల్లో చాలావరకు అప్పటికే నశించి ఉంటాయి. ఇల్లు కాలిపోయాక బూడిదను చూసి నిప్పు ఎక్కడ అంటుకుందో చెప్పమన్నట్టు ఉంటుంది ఆ పని! ఎలుకలకు ఇలాంటి జబ్బు కలిగించి మందులు పరీక్షించారు. అయితే ఎలుకల్లో బాగా పనిచేసిన మందులు చాలా మటుకు మనుషుల్లో పనిచెయ్యలేదు. 1995లో అమెరికాలో ఆమోదం పొందిన రిలుజోల్ అనే మందు రోగి ఆయుష్షును కొన్ని నెలలు మాత్రమే పొడిగించగలదు.

మరి మనిషి నాడీకణాలనే శరీరం బయట పెంచితే?

చర్మం నుంచి నాడి

నాడీకణజాలాన్ని శరీరం బయట పెంచడం కొత్త సంగతేమీ కాదు. 1907లోనే రాస్ హారిసన్ అనే అమెరికా శాస్త్రజ్ఞుడు కప్ప పిండం నుంచి చిన్న నాడీ ముక్కను తీసి, శోషరసం చుక్కలో ఉంచి, ఆ చుక్కను గాజుపలకకు వేలాడదీశాడు. కణం నుంచి తంతువు మొలకలా సాగడం సూక్ష్మదర్శినిలో కళ్లారా చూశాడు. కానీ అది కప్ప నాడి. జబ్బుపడిన మనిషి నాడి ఎలా దొరుకుతుంది?

ఆ దారి చూపినవాడు జపాన్ శాస్త్రజ్ఞుడు షిన్యా యమనాకా. మన ఒంట్లో దాదాపు ప్రతి కణంలోనూ ఒకే జన్యువుల పుస్తకం ఉంటుంది. చర్మకణం కొన్ని పుటలు చదువుతుంది, నాడీకణం వేరే పుటలు చదువుతుంది. అంతే తేడా. యమనాకా కేవలం 4 జన్యువులను చర్మకణాల్లోకి పంపి, అవి ఆ పుస్తకాన్ని మళ్లీ మొదటి పుట నుంచి చదివేలా చేశాడు. అంటే అవి పిండదశలో ఉండే మూలకణాల్లా మారిపోయాయి! 2006లో ఎలుక కణాలతో, 2007లో మనిషి కణాలతో ఇది సాధ్యమైంది. 2012లో ఆయనకు నోబెల్ బహుమతి లభించింది.

మూలకణాలను నారులా పెంచి, కావలసిన దిక్కుకు మళ్లించవచ్చు. విటమిన్ ఎ నుంచి తయారయ్యే రెటినోయిక్ ఆమ్లం, మరికొన్ని సంకేత పదార్థాలు తగిన వేళకు అందిస్తే కొన్ని వారాల్లో అవి చాలక నాడీకణాలవుతాయి. 2008లో అమెరికాలోని హార్వర్డ్, కొలంబియా విశ్వవిద్యాలయాల శాస్త్రజ్ఞులు ఎ.ఎల్.ఎస్. ఉన్న 82 ఏళ్ల వృద్ధురాలి చర్మం నుంచి ఇలాగే చాలక నాడీకణాలను తయారుచేశారు. ఆమె వెన్నుపామును ముట్టకుండానే ఆమె జన్యువులున్న నాడీకణాలు పళ్లెంలో పెరిగాయి.

తీగ ఒక్కటే చాలదు

ఒక కరెంటు తీగను చేతిలోకి తీసుకున్నారు. పైకి బాగానే ఉంది. అది పనిచేస్తుందో లేదో ఎలా తెలుస్తుంది? ఒక చివర స్విచ్చి, రెండో చివర బల్బు ఉండాలి. నాడి కూడా అంతే. పళ్లెంలో నాడీకణాన్ని ఒంటరిగా పెంచితే అది బతికుందో లేదో తెలుస్తుంది. ఆజ్ఞను సరిగా చేరవేస్తుందో లేదో తెలియాలంటే దానికి కండరాన్ని జతచేసి పూర్తి వలయం కట్టాలి.

అమెరికాలోని మసాచుసెట్స్ సాంకేతిక విద్యాసంస్థలో టాట్సుయా ఒసాకి, రోజర్ కామ్, వారి సహచరులు ఇలాంటి వలయాన్ని నిర్మించి 2018లో వివరాలు ప్రకటించారు. ఒక చిన్న పరికరంలో వేరువేరు గదులు. ఒక గదిలో ఎ.ఎల్.ఎస్. రోగి కణాల నుంచి పెంచిన చాలక నాడీకణాల ముద్ద. మరో గదిలో మనిషి మూలకణాల నుంచే పెంచిన కండరపు పోగు. ఆ పోగును మెత్తని చిన్న స్తంభాల మధ్య పట్టి ఉంచారు. నాడీకణాల తోకలు అటువైపు పెరుగుతూ పోయి కండరాన్ని చేరాయి. నాడీ-కండర సంధులు ఏర్పడ్డాయి.

ఇక స్విచ్చి సంగతి. చెరువు నీటిలో పెరిగే క్లామిడోమొనాస్ అనే ఆకుపచ్చ శైవలం మీకు తెలుసు కదా! వెలుతురును గుర్తించడానికి దానిలో ఒక ప్రొటీన్ ఉంది. ఆ ప్రొటీన్ తయారుచేసే జన్యువును నాడీకణాల్లో మాత్రం ఉంచారు. నీలి వెలుతురు పడగానే ఆ కణాలు ఆజ్ఞ పంపుతాయి. కండరంలో ఆ ప్రొటీన్ లేదు. కాబట్టి వెలుతురు వేసినప్పుడు కండరం ముడుచుకుంటే, ఆజ్ఞ నాడి ద్వారానే వచ్చిందన్న మాట.

బలాన్ని కొలిచే పద్ధతి కూడా ముచ్చటైనదే. కండరం ముడుచుకుంటే స్తంభాలు వంగుతాయి. ఎంత వంగాయో చూసి ఎంత బలం పడిందో లెక్కకడతారు. మీ బడిలోని స్ప్రింగు త్రాసు సూత్రమే ఇది!

పక్కనే ఎ.ఎల్.ఎస్. లేనివారి కణాలతో ఇలాంటి వలయాన్నే కట్టారు. అది లేకపోతే బలం తక్కువో ఎక్కువో దేనితో పోల్చి చెబుతారు? పోల్చి చూస్తే రోగి కణాలున్న వలయంలో కండరం తక్కువగా ముడుచుకుంది. నాడీకణాలు క్షీణించాయి. కండరకణాలు కూడా ఎక్కువగా చచ్చిపోయాయి. అప్పుడు రెండు మందులు పరీక్షించారు. ఒకటి అవయవ మార్పిడి చేయించుకున్నవారికి ఇచ్చే రాపమైసిన్. రెండోది ఒక రకం రక్త కేన్సరుకు వాడే బోసుటినిబ్. విడివిడిగా ఇచ్చినా, కలిపి ఇచ్చినా కండరపు ముడుపు కోలుకుంది. కణం తనలో పేరుకున్న చెత్తను తానే ఊడ్చుకునే పని చురుకైనట్టు కనిపించింది.

ఇక జబ్బు నయమైనట్టేనా?

తొందరపడకండి. పళ్లెంలో కాలేయం లేదు, మూత్రపిండాలు లేవు, ప్రవహించే రక్తం లేదు. మరో చిక్కు కూడా ఉంది. 82 ఏళ్ల వృద్ధురాలి చర్మకణం మూలకణంగా మారినప్పుడు దాని వయసు కూడా చాలావరకు వెనక్కి పోతుంది. ముసలితనంలో వచ్చే జబ్బును పసికణాల్లో వెతకవలసి వస్తుంది. అందుకే పళ్లెం చెప్పేది తీర్పు కాదు, మనుషుల్లో పరీక్షించదగిన మంచి ప్రశ్న మాత్రమే.

అటువంటి ప్రశ్న పళ్లెం నుంచి మనిషి దాకా వెళ్లిన ఉదాహరణ ఒకటి చూడండి. ఎ.ఎల్.ఎస్. రోగుల నాడీకణాలు అవసరానికి మించి ఉద్రేకపడుతున్నాయనీ, మూర్ఛకు వాడిన రెటిగాబిన్ అనే మందు వాటిని శాంతపరుస్తుందనీ 2014లో పళ్లెంలో తేలింది. తరవాత అమెరికాలో 65 మంది రోగులతో పరీక్ష జరిపి 2021లో ఫలితాలు ప్రకటించారు. పళ్లెంలో చూసినట్టే మనుషుల్లో కూడా ఆ ఉద్రేకం తగ్గింది! కానీ మందు ఇచ్చింది 10 వారాలే. అది ఆయుష్షును పెంచుతుందో లేదో చెప్పడానికి ఆ పరీక్ష చాలదు. మరింత మందితో, మరింత కాలం చూడాలి. హారిసన్ చుక్కలో తంతువు మొలిచిన నాటి నుంచి ఇక్కడిదాకా రావడానికి నూరేళ్లకు పైగా పట్టింది. మిగిలిన దారిలో మీలో కొందరు నడవవచ్చు.

ఆలోచించండి: వలయంలో మందు వేశాక కండరం గట్టిగా ముడుచుకుందనుకుందాం. నాడి బాగుపడిందా, లేక కండరానికే నేరుగా బలం వచ్చిందా? ఈ రెండింటిలో ఏది నిజమో తేల్చడానికి మీరైతే ఏ ప్రయోగం చేస్తారు? మీ సైన్సు మాస్టారితో చర్చించండి.