జట్టు కొన్నంత తేలిక కాదు, నడపడం

2022 మే 2వ తేదీ. రంజాన్ పండుగ ఉదయం. ఇంగ్లాండ్ ఉత్తర ప్రాంతంలోని బ్లాక్‌బర్న్ పట్టణంలో కొత్తబట్టలు తొడుక్కుని, పిల్లల చేతులు పట్టుకుని ముస్లిం కుటుంబాలు ఎవుడ్ పార్క్ వైపు బయలుదేరాయి. అది ఈద్గా కాదు, ఫుట్‌బాల్ మైదానం. ఆటగాళ్లు బంతి వెంట పరుగులు తీసే పచ్చికమీదే ఆ రోజు వరుసలు తీరి ఈద్ నమాజు చేశారు. ఇంగ్లాండ్‌లో తన మైదానం మధ్యలో ఈద్ నమాజుకు చోటిచ్చిన తొలి ఫుట్‌బాల్ క్లబ్బుగా బ్లాక్‌బర్న్ రోవర్స్ పేరు తెచ్చుకుంది.

ఇందులో మనకు ఆసక్తి కలిగించే సంగతి ఇంకొకటి ఉంది. ఆ క్లబ్బు యజమానులు ఇంగ్లీషువారు కారు. మన దేశంలో కోళ్ల పరిశ్రమకు కొత్త ఊపిరి పోసిన తెలుగువాడు, పద్మశ్రీ డాక్టర్ బి.వి.రావు కుటుంబం వారు. 1971లో ఆయన స్థాపించిన వెంకటేశ్వర హేచరీస్ పేరు మన రైతులకు కొత్త కాదు. గుడ్డు ధరను రైతే నిర్ణయించుకోవాలంటూ 1982లో ఏర్పడిన 'నెక్' వెనుక ఉన్నదీ ఆయనే. ఆయన 1996లో కన్నుమూశారు. మరో పద్నాలుగేళ్లకు, 2010 నవంబరులో, ఆయన పిల్లలు పుణె నుంచి వెళ్లి ఇంగ్లాండ్‌లో ఒక ఫుట్‌బాల్ జట్టును కొన్నారు. ఆ కొనుగోలు ఏమైంది? ఫుట్‌బాల్ జట్టుకు యజమాని కావడమంటే ఏమిటి? లాభమా, దర్జానా, భారమా?

ఇనుము సొమ్ముతో కిరీటం

బ్లాక్‌బర్న్ నూలు మిల్లుల పట్టణం. ఆ మిల్లుల్లో పనికోసమే 1950, 60 దశకాల్లో మన గుజరాత్ నుంచి, పాకిస్తాన్ నుంచి అనేక కుటుంబాలు అక్కడికి వెళ్లి స్థిరపడ్డాయి. 2021 జనాభా లెక్కల ప్రకారం ఆ పట్టణం ఉన్న పాలనా ప్రాంతంలో నూటికి 35 మంది ముస్లింలే. రోవర్స్ క్లబ్బు మాత్రం అంతకంటే ఎంతో పాతది. 1875లో పుట్టింది. 1888లో ఇంగ్లాండ్ ఫుట్‌బాల్ లీగ్ మొదలైనప్పుడు చేరిన పన్నెండు క్లబ్బుల్లో ఇదొకటి.

అయితే 1990 నాటికి ఈ క్లబ్బు రెండో శ్రేణిలో దిక్కుతోచక ఉంది. అప్పుడు ముందుకొచ్చినవాడు జాక్ వాకర్. అదే పట్టణంలో పుట్టి, తండ్రి రేకుల పనిని అన్నతమ్ములిద్దరూ కలిసి మహా వ్యాపారంగా పెంచి, 1989లో ఆ ఉక్కు సంస్థను సుమారు 33 కోట్ల పౌండ్లకు అమ్మిన మనిషి. చిన్నప్పటినుంచి తను చూసిన జట్టుకు ఆ సొమ్ములోంచి ధారపోశాడు. మైదానంలో మూడు వైపులా కొత్త గ్యాలరీలు కట్టించాడు. 1992లో అలన్ షియరర్ అనే కుర్రవాణ్ణి 33 లక్షల పౌండ్లకు పైగా ఇచ్చి తెచ్చాడు. 1995లో బ్లాక్‌బర్న్ ఏకంగా ప్రీమియర్ లీగ్ గెలిచింది. మరుసటి ఏడాది షియరర్‌ను కోటిన్నర పౌండ్లకు అమ్మారు. ప్రపంచంలో అప్పటికి అదే రికార్డు ధర.

పైకి చూస్తే మంచి బేరమే. కానీ వాకర్‌కు దక్కింది లాభం కాదు, కిరీటం. 1999లో జట్టు మళ్లీ కింది శ్రేణికి జారింది. 2000 ఆగస్టులో వాకర్ చనిపోయాడు. క్లబ్బు బాధ్యత ఆయన కుటుంబ ట్రస్టుకు పోయింది. ట్రస్టు క్రమంగా చేయి వెనక్కి తీసుకుని, కొనేవారికోసం చూడసాగింది.

కోళ్ల వ్యాపారం నుంచి గోల్ పోస్టు దాకా

అలా వచ్చినవారే బి.వి.రావు కుమార్తె అనురాధా దేశాయ్, ఆమె సోదరులు వెంకటేష్ రావు, బాలాజీ రావు. వారు క్లబ్బుకు ఇచ్చిన ధర 2 కోట్ల 30 లక్షల పౌండ్లు. ఆనాటి మారకం లెక్కన సుమారు 165 కోట్ల రూపాయలు. దీనికి తోడు క్లబ్బుకు ఉన్న అప్పుల భారం కూడా తలకెత్తుకున్నారు. ప్రపంచమంతా టీవీల్లో చూసే లీగ్‌లో ఆడే జట్టు మన చేతిలో ఉంటే మన కోడి మాంసం పేరు కూడా ప్రపంచమంతా తెలుస్తుందన్నది లెక్క. జట్టు ఆటగాళ్లు డ్రెస్సింగ్ రూములో కూర్చుని చికెన్ తింటున్న ప్రకటన కూడా తీయించారు.

లెక్క తప్పింది. కొన్న నెలలోపే అనుభవజ్ఞుడైన మేనేజర్ సామ్ అలర్డైస్‌ను తొలగించారు. ఆయన స్థానంలో వచ్చిన స్టీవ్ కీన్‌కు అంతకుముందు పెద్ద జట్టును నడిపిన అనుభవం లేదు. 2012 మే 7న, సొంత మైదానంలో విగాన్ చేతిలో ఓడి బ్లాక్‌బర్న్ కింది శ్రేణికి పడిపోయింది. ఆ రోజు ఆట జరుగుతుండగా అభిమానులెవరో క్లబ్బు జెండా చుట్టిన బతికున్న కోడిని మైదానంలోకి వదిలారు. యజమానుల వ్యాపారం మీద అంతకంటే చేదైన వెక్కిరింపు ఉంటుందా?

అక్కడితో ఆగలేదు. 2012-13 సీజన్ ఒక్కదానిలోనే మేనేజర్లు మారుతూ పోయారు. హెనింగ్ బెర్గ్ 57 రోజులు ఉన్నాడు. తీసేసినందుకు కోర్టుకెక్కి 22 లక్షల పౌండ్లకు పైగా పరిహారం గెలుచుకున్నాడు. మైకేల్ యాపిల్టన్ 67 రోజులు ఉన్నాడు. 2017లో జట్టు మూడో శ్రేణికి జారి, 2018లో తిరిగి రెండో శ్రేణికి ఎక్కింది.

డబ్బు వచ్చేదెలా, పోయేదెలా?

ఫుట్‌బాల్ క్లబ్బుకు ఆదాయం నాలుగు దారుల్లో వస్తుంది. ఒకటి, మైదానం టిక్కెట్లు. రెండు, టీవీ ప్రసార హక్కుల్లో వాటా. మూడు, చొక్కాల మీద, బోర్డుల మీద ప్రకటనలు. నాలుగు, ఆటగాళ్ల అమ్మకం. వీటిలో అన్నిటికంటే బరువైనది టీవీ సొమ్ము. 2011-12లో కిందినుంచి రెండో స్థానంలో నిలిచినా బ్లాక్‌బర్న్‌కు ప్రీమియర్ లీగ్ నుంచి దాదాపు 4 కోట్ల పౌండ్లు వచ్చాయి. కింది శ్రేణిలో మామూలు క్లబ్బుకు వచ్చేది అందులో చిన్న వంతు మాత్రమే. పడిపోయిన క్లబ్బు ఒక్కసారిగా చితికిపోకుండా కొన్నేళ్లు కొంత సాయం ఇస్తారు. ఆ గడువు తీరాక ఎవరి తిప్పలు వారివే.

ఆదాయం పడిపోయినంత తొందరగా ఖర్చు పడిపోదు. ఆటగాడితో మూడేళ్లకో నాలుగేళ్లకో ఒప్పందం ఉంటుంది. జట్టు ఓడినా జీతం ఇవ్వాల్సిందే. పైగా మళ్లీ పైకి ఎక్కాలంటే మంచి ఆటగాళ్లు కావాలి. వారిని తేవాలంటే ఎక్కువ జీతం ఇవ్వాలి. పక్క క్లబ్బూ అదే పని చేస్తుంది. ఇంగ్లాండ్ రెండో శ్రేణిలోని క్లబ్బులన్నిటినీ కలిపి చూస్తే, 2018-19 సీజన్‌లో వచ్చిన ప్రతి 100 పౌండ్లకూ జీతాలకే 107 పౌండ్లు పోయాయి. కరెంటు బిల్లు, ప్రయాణాలు, గడ్డి సంరక్షణ, పిల్లల శిక్షణ దీనికి అదనం. కిరాణా కొట్టు ఇలా నడిపితే ఎన్ని రోజులు ఉంటుంది?

ఇక ఆటగాడు క్లబ్బుకు ఆస్తే గాని, కాళ్లున్న ఆస్తి. ఒప్పందం ముగిస్తే చేతులు ఊపుకుంటూ వెళ్లిపోవచ్చు. లక్షల పౌండ్లు పోసి తెచ్చిన బెన్ బ్రెరెటన్ డియాజ్ 2023లో ఒప్పందం ముగియగానే స్పెయిన్ వెళ్లిపోయాడు. క్లబ్బుకు ఒక్క పౌను రాలలేదు. అదే సమయంలో, బ్లాక్‌బర్న్‌లోనే పుట్టి క్లబ్బు శిక్షణలోనే పెరిగిన ఆడమ్ వార్టన్‌ను 2024 ఫిబ్రవరిలో క్రిస్టల్ ప్యాలెస్ 1 కోటి 80 లక్షల పౌండ్లు ఇచ్చి తీసుకుంది. సంతలో కొన్న ఎద్దు కంటే ఇంట్లో పెరిగిన దూడే ఆదుకుందన్నమాట. కానీ ఊరి కుర్రవాణ్ణి పంపేసినందుకు అభిమానుల మనసు చివుక్కుమంది.

లోటు పూడ్చేది ఎవరు? యజమాని. 2010 నుంచి వెంకీస్ కుటుంబం ఈ క్లబ్బులో పోసిన సొమ్ము 20 కోట్ల పౌండ్లు దాటింది. కొన్న ధరకు ఇది ఎనిమిది రెట్లకు పైనే. వారిని తిట్టిపోసిన అభిమానులు కూడా ఈ ఒక్క మాట కాదనలేరు. ఇన్నేళ్లుగా నష్టం వారే మోశారు. అందరు యజమానులూ ఇలా ఉండరు. 2005లో గ్లేజర్ కుటుంబం సుమారు 79 కోట్ల పౌండ్లకు మాంచెస్టర్ యునైటెడ్‌ను కొన్నప్పుడు అందులో ఎక్కువ భాగం అప్పే. ఆ అప్పును క్లబ్బు నెత్తినే పెట్టారు. అంతకుముందు అప్పు లేని క్లబ్బు ఏటేటా వడ్డీ కడుతూ వచ్చింది. ఇల్లు కొనడానికి చేసిన అప్పుకు ఇంటివాళ్లే వడ్డీ కట్టినట్టు!

ఒక్క జేబు మీద ఆధారపడితే

యజమాని ఎంత ఉదారంగా ఇచ్చినా అందులో ఒక ప్రమాదం ఉంది. 2023లో వెంకీస్ విదేశాలకు పంపే డబ్బు మీద మన దేశంలో ఎన్‌ఫోర్స్‌మెంట్ డైరెక్టరేట్ విచారణ నడుస్తుండగా, బ్లాక్‌బర్న్‌కు సొమ్ము పంపాలంటే ఢిల్లీ హైకోర్టు అనుమతి తెచ్చుకోవలసి వచ్చింది. పంపినంత మొత్తానికి బ్యాంకు గ్యారంటీ కూడా చూపాలి. ఢిల్లీలో వాయిదా పడితే, వేల మైళ్ల దూరంలో ఉన్న క్లబ్బు ఆటగాణ్ణి కొనడానికి వెనకాడాల్సిన పరిస్థితి. వార్టన్‌ను అమ్మింది ఆ రోజుల్లోనే.

బ్లాక్‌బర్న్‌కు దగ్గరలోనే ఉన్న బరీ క్లబ్బు కథ ఇంకా విషాదం. 1885లో పుట్టిన ఆ క్లబ్బు 2018 డిసెంబరులో ఒక్క పౌండుకు చేతులు మారింది. ధర చూసి చౌక అనుకోకండి. ఆ పౌండు వెనుక ఉన్న అప్పులే అసలు ధర. కొత్త యజమాని డబ్బుకు ఆధారాలు చూపలేకపోవడంతో 2019 ఆగస్టులో లీగ్ ఆ క్లబ్బును వెలివేసింది. 125 ఏళ్లు లీగ్‌లో ఆడిన జట్టుకు ఒక్క రాత్రిలో చోటు లేకుండా పోయింది. ఇలాంటివి చూసి చూసి, 2025 జులైలో బ్రిటన్ పార్లమెంటు చట్టం చేసింది. క్లబ్బుల ఆర్థిక స్థితిని, యజమానుల యోగ్యతను పరిశీలించి లైసెన్సు ఇచ్చే స్వతంత్ర నియంత్రణ సంస్థ దానితో ఏర్పడింది.

మన ఊళ్లో జరిగింది

ఇదంతా ఎక్కడో ఇంగ్లాండ్ ముచ్చట అనుకోనక్కర్లేదు. హైదరాబాదు ఒకప్పుడు ఫుట్‌బాల్‌కు పెట్టింది పేరు. రహీం సాబ్‌గా అందరూ గౌరవంగా పిలిచే సయ్యద్ అబ్దుల్ రహీం శిక్షణలో హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు 1950 నుంచి 1954 వరకు వరసగా ఐదుసార్లు బొంబాయిలో రోవర్స్ కప్ గెలిచింది. ఆ ఆటగాళ్లు ఎవరి సొత్తూ కారు. పోలీసుశాఖ ఉద్యోగులు. కప్పు గెలిచినా ఓడినా నెల తిరగగానే జీతం ఇంటికి వచ్చేది. ఆట మానేశాక కూడా ఉద్యోగం ఉండేది.

2019లో హైదరాబాద్ ఎఫ్‌సీ పేరుతో వృత్తి ఆటగాళ్ల జట్టు వచ్చింది. 2022 మార్చిలో గోవాలో కేరళ బ్లాస్టర్స్‌ను పెనాల్టీల్లో ఓడించి ఇండియన్ సూపర్ లీగ్ గెలిచింది. రెండేళ్లు తిరగకముందే యజమానుల చేతిలో డబ్బు ఆడలేదు. జీతాలు ఆగిపోయాయి. పలువురు ఆటగాళ్లు జట్టు వదిలి వెళ్లారు. బకాయిల కారణంగా కొత్త ఆటగాళ్లను తీసుకోరాదని ఫిఫా నిషేధం పెట్టింది. 2023-24లో జట్టు అట్టడుగున నిలిచింది. 2024లో యాజమాన్యం మారింది. 2025లో జట్టు పేరు మార్చి ఢిల్లీకి తరలించారు. ట్రోఫీ గెలిచిన మూడేళ్లకే ఊరికి ఆ జట్టు లేకుండా పోయింది. ఆ నిర్ణయానికి ముందు హైదరాబాదు అభిమానిని అడిగినవారు లేరు.

ఎవరి సొత్తు?

కాగితం మీద జట్టు యజమానిదే. వాటాలు ఆయనవి, లోటు ఆయనది. కాని టిక్కెట్టు కొని వానలో నిలబడేవాడు, తాత చేయి పట్టుకుని మొదటి ఆట చూసినవాడు ఆ కాగితాల్లో ఎక్కడా కనిపించడు. యజమానులు మారుతుంటారు. వాకర్ పోయాడు, ట్రస్టు పోయింది, రేపు వెంకీస్ వారూ అమ్ముకోవచ్చు. పట్టణం మాత్రం ఎక్కడికీ పోదు. అందుకే ఇలాంటి జట్టు యజమాని చేతిలో ఆస్తి కంటే అమానత్ అనడమే సరైన మాట. తన తర్వాత వచ్చేవారికి క్షేమంగా అప్పగించాల్సిన సొత్తు.

బ్లాక్‌బర్న్ మైదానంలో 31 వేల కుర్చీలున్నాయి. జట్టు పడిపోయాక చాలా సీజన్లలో సగం ఖాళీగానే ఉన్నాయి. అలాంటి మైదానం పచ్చిక మీదికి పండుగ ఉదయం ఆ ఊరి ముస్లిం కుటుంబాలు వచ్చాయి. పక్కనే నివసిస్తున్నా ఆటకు ఎన్నడూ రానివారు కూడా ఆ గేటు దాటి లోపల అడుగుపెట్టే వీలు ఆనాడు దొరికింది. వారిలో ఒక పిల్లవాడు మళ్లీ శనివారం ఆట చూడటానికి తండ్రిని వెంటపెట్టుకుని వస్తే, క్లబ్బు లెక్కల పుస్తకంలో ఆ రాబడి రెండు టిక్కెట్లే. ఆ క్లబ్బుకు మాత్రం అంతకంటే గట్టి పెట్టుబడి లేదు.